జీపు ఇరుసు కోసం రాణిగంజ్ దాకా

"ఎన్ని పండ్లది?"

రాణిగంజ్‌లో నేను ఎక్కిన మొదటి షాపులో నాకు ఎదురైన మొదటి ప్రశ్న ఇది. "పాత మహీంద్రా జీపుకు వెనక యాక్సిల్ కావాలన్నా" అంటే, కౌంటర్ వెనకాల కూర్చున్న పెద్దమనిషి తల ఎత్తకుండానే అడిగాడు. నాకేం తెల్సు? ఫోన్ తీసి జీపు ఫొటో చూపించాను. ఆయన ఫొటో వంక కాదు, నా వంక చూశాడు.

"మెకానిక్‌ని తీస్కరా తమ్ముడూ. ఫొటోల పండ్లు కనపడయి."

పండ్లంటే గేరు పళ్లని ఆయనే చెప్పాడు. బోయిన్‌పల్లి వైపు ఒక షెడ్డు ఉందని, అక్కడి చాచాకు జీపులంటే పిచ్చి అని ఒక చీటీ మీద నంబరు రాసిచ్చాడు. ఒక్క రూపాయి బేరం లేకుండా ఆ షాపు దిగాను. సికింద్రాబాద్‌లో నా నాలుగు రోజుల యాత్ర ఆ చీటీతో మొదలైంది.

వాగులో విరిగింది

మాది వికారాబాద్ దిక్కు. ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల చేను, మధ్యలో ఒక వాగు. నాయిన 1996లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న మహీంద్రా సీజే 500డి మా ఇంట్లో కారు, ట్రాక్టరు, అంబులెన్సు అన్నీ. నేను పుట్టినప్పుడు అమ్మను ఆస్పత్రి నుంచి తెచ్చింది అదే. టమాటా పెట్టెలు మోసింది అదే. చెల్లె పెళ్లికి మామిడి తోరణం కట్టుకుని ఊరంతా తిరిగింది కూడా అదే.

పోయిన సెప్టెంబర్‌లో ఒక సాయంత్రం అమ్మ, నాయిన చేను నుంచి తిరిగి వస్తున్నారు. వాగులో మోకాలికి తక్కువే నీళ్లు. నడుమకి రాగానే వెనక టప్‌మని చప్పుడు. కుడి చక్రం, డ్రమ్ముతో సహా, పక్కకు బయటికి వచ్చేసింది. జీపు ఒక పక్కకు ఒరిగిపోయింది. ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. కానీ చీకట్లో ఆ నీళ్లలోంచి అమ్మను చెయ్యి పట్టుకుని ఒడ్డుకు తెచ్చాక నాయిన చాలాసేపు మాట్లాడలేదట. మర్నాడు ట్రాక్టరుతో లాగి తెచ్చారు. "ఇగ దాంట్ల నేను కాలు పెట్టను" అంది అమ్మ.

తొమ్మిది నెలలు జీపు వేపచెట్టు కింద రాయి మీద నిలబడింది. ఊరి మెకానిక్ చూసి చెప్పింది ఇదీ: లోపలి షాఫ్ట్ విరిగింది. అది ఒక్కటే అయితే చిన్న పని. కానీ ఆ షాఫ్ట్‌ను పట్టుకునే ఇరుసు గొట్టం, అంటే హౌసింగ్, వంగింది. బేరింగ్ కూర్చునే చోటు అరిగిపోయింది. కొత్త షాఫ్ట్ వేసినా నిలవదు. ఇరుసు మొత్తం మార్చాలి.

అన్న లెక్క వేరే. తుక్కు వ్యాపారి వచ్చి కిలో లెక్కన ధర చెప్పాడు. "అమ్మేద్దాం. చేనుకు ఆటోలో పోవచ్చు" అన్నాడు. నాయిన ఔననలేదు, కాదనలేదు. ఆటో వాగు దాకా వస్తది, వాగు దాటదు. అరవై ఏడేళ్ల మనిషి ఒడ్డున దిగి, చెప్పులు చేతిలో పట్టుకుని నడుచుకుంటూ పోవాలి. వానాకాలం పోయేదాకా ఆయన చేనుకు పోవడమే మానేశాడు. కౌలుకిచ్చేద్దామన్న మాట మొదటిసారి ఆయన నోట విన్నది అప్పుడే.

మృగశిర కార్తె వచ్చింది. నేను ఆఫీసులో వారం సెలవు పెట్టి, ఒక డీసీఎం మాట్లాడి, జీపును ఎక్కించాను.

లష్కర్‌లో జీపు వాసన

జీపు ఇరుసు కోసం సికింద్రాబాద్‌కే ఎందుకు రావాలి? దీనికి జవాబు ఈ ఊరి పుట్టుకలోనే ఉంది. 1798లో నిజాంకు, ఈస్టిండియా కంపెనీకి సైన్య సహకార ఒప్పందం కుదిరింది. కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగాయి. 1806లో ఆ దండు బస్తీకి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. పాతవాళ్లు ఇప్పటికీ ఈ ఊరిని లష్కర్ అనే అంటారు. లష్కర్ అంటే సైన్యం. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళికి జరిగేవి కూడా లష్కర్ బోనాలే.

పటాలాలతో పాటు బండ్లు వచ్చాయి. బండ్లతో పాటు వాటిని బాగుచేసేవాళ్లు వచ్చారు. సైన్యంలో మరమ్మతు పనులు చూసే ఈఎంఈ కోర్ 1943లో ఏర్పడింది. దాని శిక్షణ కేంద్రం, మిలిటరీ కాలేజీ రెండూ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. జీపును నిమిషాల్లో విప్పి, మళ్లీ బిగించి, నడిపి చూపించే ఈఎంఈ జవాన్ల ప్రదర్శన మీరు వీడియోల్లో చూసే ఉంటారు. ఇక్కడ పని నేర్చి రిటైరైన వాళ్లు కొందరు ఈ చుట్టుపక్కలే ఉండిపోయారు. మా చాచాకు పని నేర్పిన గురువు కూడా అట్లాంటి హవల్దారే.

జీపు పుట్టింది కూడా సైన్యం కోసమే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. యుద్ధం అయిపోయాక 1947లో మహీంద్రా వాళ్లు మన దేశంలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టారు. విల్లీస్ వాళ్లు 1953లో తెచ్చిన ఎత్తు బానెట్ జీపు, సీజే 3బి, ఇక్కడ దశాబ్దాల పాటు నడిచింది. లోపల ఇంజిన్లు మారాయి గానీ, కింది ఎముకల గూడు చాలాకాలం అదే. అందుకే నలభై ఏళ్ల జీపుకు కూడా ఇవాళ సామాను దొరుకుతుంది.

పండ్ల లెక్క

బుధవారం పొద్దున చాచా షెడ్డు. రేకుల కప్పు, నూనె తాగి నల్లబడ్డ నేల, మూలన ఒక పాత జోంగా. ఆ పేరు వెనకాల కథ తెలుసా? జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అన్న మాటల్లోంచి పుట్టిన పేరు అది. నిస్సాన్ పెట్రోల్ అనే జపాన్ బండిని మన సైన్యం కోసం జబల్‌పూర్‌లో తయారుచేశారు.

చాచాకు అరవై పైనే ఉంటాయి. మా జీపు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక్కి వంగి చూసి, "తొమ్మిది నెల్లు నిలబెట్టిన్రా? పాపం" అన్నాడు. పాపం నాకా, జీపుకా అర్థం కాలేదు.

ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టమన్నాడు. "హ్యాండ్ బ్రేక్ వేసే ఉంది చాచా" అన్నాను తెలివిగా. ఆయన నన్ను జీపు కిందికి పడుకోబెట్టి చూపించాడు. మా జీపులో హ్యాండ్ బ్రేక్ చక్రాలకు లేదు. గేర్‌బాక్స్ వెనకాల ఉండే ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఒక డ్రమ్ము ఉంటుంది. అది పట్టుకునేది వెనక చక్రాలకు పోయే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని. ఆ షాఫ్ట్ విప్పితే ఇంక హ్యాండ్ బ్రేక్ ఎంత గుంజినా బండిని ఆపదు. షాఫ్ట్ ఉన్నా సరే, వెనక ఒక చక్రం గాల్లోకి లేపితే ఆ చక్రం ఖాళీగా తిరిగి బండి జారిపోవచ్చు. పాత జీపు కింద దూరే ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇది. జాకీని నమ్మొద్దు, హ్యాండ్ బ్రేక్‌ను అసలు నమ్మొద్దు. రాళ్లు పెట్టాలి, చాసిస్ కింద స్టాండ్లు పెట్టాలి.

తర్వాత పండ్ల లెక్క. ఇరుసు నడుమ గుమ్మడికాయలా ఉబ్బిన భాగంలో రెండు గేర్లుంటాయి. పెద్దది క్రౌన్, చిన్నది పినియన్. ఇంజిన్ నుంచి వచ్చే షాఫ్ట్ పినియన్‌ను తిప్పుతుంది, పినియన్ క్రౌన్‌ను తిప్పుతుంది, క్రౌన్ చక్రాలను తిప్పుతుంది. మా జీపులో క్రౌన్‌కు 43 పండ్లు, పినియన్‌కు 8. అంటే 43ను 8తో భాగిస్తే 5.375. షాఫ్ట్ ఐదు చుట్లు, ఇంకో మూడోవంతు పైచిలుకు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. షాపుల్లో దీన్ని 5.38 అంటారు. యుద్ధకాలం నాటి విల్లీస్ జీపులో ఈ లెక్క 4.88. తర్వాత వచ్చిన సీజే జీపుల్లో 5.38. బయటి నుంచి చూస్తే రెండు ఇరుసులకూ తేడా కనపడదు.

విప్పకుండా లెక్క తెలుసుకోవడం ఎట్లా? చాచా ముందు ఇరుసు మీద చేసి చూపించాడు. రెండు ముందు చక్రాలూ గాల్లోకి లేపి, ఫోర్ వీల్ లివర్ తీసేసి, ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకోమన్నాడు. షాఫ్ట్ మీద సుద్దతో గీత గీశాడు. రెండో చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పాడు. షాఫ్ట్ మీద గీత ఐదు సార్లు తిరిగి, ఆరో చుట్టులో మూడోవంతు దాటి ఆగింది. "ఐదూ మూడెనిమిది. ముందరిది గిదయితే వెనకది గూడ గిదే గావాలె" అన్నాడు.

ఎందుకు అంత పట్టుదల? ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు షాఫ్ట్, వెనక షాఫ్ట్ ఒకే వేగంతో తిరుగుతాయి. ముందు 5.38, వెనక 4.88 ఉంటే, ముందు చక్రాలు పది మీటర్లు నడిచేసరికి వెనక చక్రాలు పదకొండు మీటర్లు పోవాలంటాయి. ఒకే చాసిస్‌కు కట్టిన రెండెడ్ల బండిలో ఒక ఎద్దు ఉరుకుతూ, ఇంకోటి నడుస్తున్నట్టు. టైర్లు జారితే సరి. జారని చోట ఆ గుంజులాట అంతా గేర్ల మీద, షాఫ్ట్‌ల మీద పడుతుంది.

సాయంత్రానికి పాత ఇరుసు బయటికి వచ్చింది. జాయింట్ క్రాస్ దగ్గర షాఫ్ట్ విప్పేముందు రెండు ముక్కల మీదా గుర్తు పెట్టాడు, మళ్లీ అట్లాగే కలపాలని. బ్రేక్ పైపు విప్పి మూతికి గుడ్డ చుట్టాడు. యూ బోల్టులకు ముందు రోజే నూనె పోసి పెట్టినా, రెండింటిని కోసి తీయాల్సి వచ్చింది. మా జీపులో కమాన్ పట్టీల మీద ఇరుసు కూర్చుంటుంది. అందుకని పట్టీల వెనక కొసను విప్పి కిందికి దించితే గానీ ఇరుసు వెనక్కి రాలేదు. దాన్ని పక్కన పెట్టి మూత తీస్తే లోపల ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉంది. వాగు నీళ్లు. తొమ్మిది నెలలు అందులో నానిన పండ్ల మీద తుప్పు గుంటలు పడ్డాయి.

అంటే పాత గేర్లు తీసి వేరే హౌసింగ్‌లో వేసుకునే దారి కూడా మూసుకుపోయింది.

చవక బేరం

గురువారం చాచాతో కలిసి మళ్లీ రాణిగంజ్. ప్యారడైజ్ మెట్రో స్టేషన్‌లో దిగి ఎంజీ రోడ్డు వెంట హుస్సేన్‌సాగర్ దిక్కు నడిస్తే వస్తుంది. ఈ ఎంజీ రోడ్డు పాత పేరు జేమ్స్ స్ట్రీట్. రోడ్డు పేరు మారినా, లోకల్ రైలు స్టేషన్ ఇంకా జేమ్స్ స్ట్రీటే.

మాల్‌లో తిరిగినట్టు రాణిగంజ్‌లో తిరగలేం. ఇక్కడ ఒక్కో షాపుది ఒక్కో అవయవం. ఒక దాంట్లో బేరింగులే. ఇంకో దాంట్లో ఆయిల్ సీళ్లు, గ్యాస్కెట్లే. పక్కన గొలుసులు, పుల్లీలు, పంపులు, నట్లు బోల్టులు. బేరింగు నంబరు చెబితే ఐదు నిమిషాల్లో పిల్లాడు ఎక్కడి నుంచో పట్టుకొస్తాడు. నంబరు తెలియకపోతే పాతది చేతిలో పెడితే చాలు. తెలుగు, ఉర్దూ, మార్వాడీ, ఇంగ్లిష్ అన్నీ ఒకే వాక్యంలో వినపడతాయి. తోపుడు బండి మీద ఇంజిన్ బ్లాకు వస్తుంటే కార్లు పక్కకు జరిగి దారి ఇవ్వాల్సిందే.

కొత్త సామాను రోడ్డు మీద దొరుకుతుంది. పాత ఇరుసులు గల్లీల్లోకి పోతే గానీ కనపడవు. మొదటి గోడౌన్‌లో అచ్చం మాలాంటిదే ఒకటి కనపడింది. పన్నెండు వేలు చెప్పాడు. చాచా పండ్ల లెక్క చూశాడు. షాఫ్ట్ ఐదు చుట్లు కూడా పూర్తి చేయలేదు. 4.88.

నా బడ్జెట్ ముప్పై వేలు. అందులో డీసీఎం రాను ఖర్చు అప్పుడే అయిపోయింది. నేను చాచాను పక్కకు పిలిచాను. "మేం ఫోర్ వీల్ ఎప్పుడో గానీ వేయం చాచా. ఇది వేసేద్దాం. ఎనిమిది వేలు మిగుల్తయి."

"ఫోర్ వీల్ ఎప్పుడు వేస్తరు?"

"వాగు దాటేటప్పుడు."

"మరి గప్పుడే గదా బేటా ఇది పనిజేయాల్సింది."

నాకు నోట మాట రాలేదు. వాగులో బురద ఒక్కటే ఉండదు. అడుగున బండరాయి కూడా ఉంటుంది. బురదలో చక్రం జారి గుంజులాట తీరిపోతుంది. రాయి మీద జారదు. సరిగ్గా అమ్మ, నాయిన నీళ్ల నడుమ ఉన్నప్పుడే ఏదో ఒకటి విరుగుతుంది. ఎనిమిది వేల కోసం నేను చేయబోయింది అదీ.

రెండో చోట చూపించిన ఇరుసులో గుమ్మడికాయ సరిగ్గా మధ్యలో ఉంది. మా జీపులో ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి షాఫ్ట్ కుడి పక్కనుంచి వస్తుంది కాబట్టి ఇరుసు గుమ్మడికాయ కూడా కుడికి జరిగి ఉంటుంది. మధ్యలో ఉన్నది వేస్తే షాఫ్ట్ ఏటవాలుగా తిరిగి జాయింట్లు ఊరికే పోతాయి. మూడో చోట పండ్లు సరిపోయాయి గానీ, గొట్టం వెంట దారం పట్టి చూస్తే సన్నగా వంపు.

మధ్యాహ్నం మూడింటికి, ఒక ఇరానీ చాయ్ తర్వాత, నాలుగో గల్లీలో దొరికింది. మూత విప్పించి చాచా ఒక్కో పన్ను మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. 43. పినియన్ 8. ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది వెలుతురులో చూశాడు, ఇనుప రజను మెరుస్తుందేమోనని. దారం పట్టాడు. పట్టీలు కూర్చునే రెండు దిమ్మెల మధ్య దూరం టేపుతో కొలిచాడు. బేరింగ్ కూర్చునే చోట కొత్త బేరింగ్ పెట్టి చూశాడు, గట్టిగా కూర్చుంది. ఇరవై రెండు చెప్పి ఇరవైకి దిగాడు. బేరింగులు, సీళ్లు, యూ బోల్టులు, బ్రేక్ సామాను కలిపి ఇంకో ఏడు వేలు. లెక్క దాటిపోయిందని నాయినకు చెప్పలేదు.

ఎక్కించడం

శుక్రవారం. విప్పడానికి పట్టిన టైము కంటే బిగించడానికే ఎక్కువ పట్టింది. చాచా తొందరపడడు. ఒక్కో చోటి బోల్టులు ఒక్కో రేకు డబ్బాలో. "ఫౌజీ గిట్లనే నేర్పిండు" అంటాడు.

కమాన్ పట్టీల నడుమ ఒక సెంటర్ బోల్టు ఉంటుంది. దాని తల ఇరుసు దిమ్మెలోని గుంటలో సరిగ్గా దిగాలి. రెండు వైపులా దిగితేనే ఇరుసు తిన్నగా ఉన్నట్టు. ఒక పక్క దిగకుండానే యూ బోల్టులు బిగిస్తే, బండి పీతలా పక్కకు నడుస్తుంది. మేము ఒక వైపు దించితే ఇంకో వైపు లేచింది. గంటసేపు నేను, షెడ్డు పిల్లాడు గడ్డపారలతో కుస్తీ పట్టాం.

షాఫ్ట్‌లు ఎక్కించాక వాటి ఆట ఎంతుందో చూసి, పల్చటి రేకు షిమ్‌లు వేసి సరిచేశాడు. హబ్ నట్టుకు స్ప్లిట్ పిన్ కొత్తది వేశాడు. "పది రూపాయల పిన్ను. ఇది లేకనే చక్రాలు ఊడుతయి." తర్వాత నాకు ఎప్పుడూ తెలియని ఒక చిన్న పని చేశాడు. హౌసింగ్ పైన బొడిపెలాంటి బ్రీదర్‌ను విప్పి, పెట్రోల్‌లో కడిగి, నోటితో ఊది చూశాడు. అది మూసుకుపోతే లోపల వేడెక్కిన గాలి బయటికి పోయే దారి లేక, ఆయిల్‌ను సీళ్లలోంచి తోస్తుంది. ఆ ఆయిల్ పోయి బ్రేకుల మీద పడుతుంది. వాగులో బ్రేకులు ఎందుకు పట్టడం లేదో మనకు అర్థం కాదు.

గేర్ ఆయిల్ రంధ్రం అంచు దాకా పోశాడు. బ్రేకుల్లో గాలి తీశాడు. బండిని కిందికి దించి, బరువు పట్టీల మీద పడ్డాకే యూ బోల్టులను ఎదురెదురుగా మార్చి మార్చి చివరి బిగింపు బిగించాడు.

మీలో కొందరికి ఒక సందేహం వచ్చి ఉంటుంది, ఇట్లా మారిస్తే ఆర్టీఏ వాళ్లు ఒప్పుకుంటారా అని. ఆర్సీలో ఉండేది చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు. కంపెనీ వేసిన కొలతల ఇరుసే మళ్లీ వేస్తే అది మరమ్మతు. బండి రూపాన్నే మార్చేయడం వేరే సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దాన్ని అడ్డుకుంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. సొంత బండికి 15 ఏళ్లు దాటితే ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ ఉంటుంది. ఆ తేదీ మాత్రం మర్చిపోకండి.

తాడ్‌బన్‌లో కొత్త బండ్ల మధ్య

శనివారం పొద్దున షెడ్డు వెనక మట్టి మైదానంలో ఫోర్ వీల్ పరీక్ష. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయొద్దంటాడు చాచా. ఇట్లాంటి పాత జీపుల్లో ముందు, వెనక ఇరుసుల మధ్య తేడా సర్దే డిఫరెన్షియల్ ఉండదు. గట్టి నేల మీద మలుపు తిరిగితే లెక్క సరిపోయిన ఇరుసులు కూడా గుంజుకుంటాయి. మట్టిలో ముందుకీ వెనక్కీ నడిపి, ఆపి, లివర్ తీశాడు. వెన్నలా వచ్చింది. "లివర్ అటకకుండ వచ్చిందంటే రెండు ఇరుసులు దోస్తులే" అన్నాడు.

అక్కడి నుంచి నేను నేరుగా తాడ్‌బన్ హనుమాన్ గుడికి పోయాను. సికింద్రాబాద్‌లో కొత్త బండి కొంటే పూజకు చాలామంది ఇక్కడికే తెస్తారు. శనివారం కదా, షోరూం కవర్లు తీయని కార్లు, బొట్లు పెట్టిన స్కూటర్లు వరసగా. వాటి మధ్య పెచ్చులూడిన మా ఆకుపచ్చ జీపు. పూజారి గారు దండ వేయబోతూ ఆగి, "కొత్త బండేనా?" అన్నారు.

"ఇరుసు కొత్తది స్వామీ. అది కూడా పాతదే."

ఆయన నవ్వి నిమ్మకాయలు పెట్టారు, వెనక చక్రాల కింద.

మీరు పోవాలనుకుంటే

రాణిగంజ్‌కు ఆదివారం పోకండి, చాలా షాపులు మూసే ఉంటాయి. పదకొండు తర్వాత పొండి. పాత పార్టు తప్పకుండా చేతిలో ఉండాలి, లేదంటే దాని మీది నంబరు. పెద్ద సామాను అయితే మెకానిక్‌ను వెంట తీసుకుపోండి, ఆయన కూలి కంటే మీకు మిగిలేది ఎక్కువ. పాత ఇరుసు కొంటే మూత విప్పకుండా డబ్బులు ఇవ్వకండి. బిల్లు అడిగి తీసుకోండి. బిగించాక ముప్పై కిలోమీటర్లు నడిపి ఆపి, హబ్ మీద అరచెయ్యి పెట్టి చూడండి. చెయ్యి పెట్టలేనంత కాలితే బేరింగ్ బిగువుగా ఉన్నట్టు. రెండు వందల కిలోమీటర్ల తర్వాత యూ బోల్టులు మళ్లీ బిగించాలి. పట్టీలు సర్దుకున్నాక అవి వదులవుతాయి.

మళ్లీ వాగు

జీపును ఊరికి నేనే నడుపుకుంటూ తెచ్చాను. ఎనభై కిలోమీటర్ల దాకా దూరం, గంటకు నలభై దాటలేదు, మూడు చోట్ల ఆపి హబ్‌లు తడిమి చూసుకున్నాను. నాయిన వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. వెనక్కి పోయి, వంగి, కొత్త యూ బోల్టులను బొటనవేలితో రుద్ది చూశాడు. "ఎంతైంది?" అన్నాడు. ఐదు వేలు తగ్గించి చెప్పాను. ఆయన నమ్మలేదని మొహం చూస్తేనే తెలిసింది.

జులైలో మంచి వాన పడ్డ మూడో రోజు చేనుకు పోయాం. వాగులో నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. నాయిన ఒడ్డున ఆపి, దిగి, కట్టెతో లోతు చూసి వచ్చాడు. ఆ పని ఆయన ఎప్పుడూ మానడు. నీళ్లు మోకాలు దాటితే ఏ ఇరుసు ఉన్నా వెనక్కి తిరగడమే. అమ్మ అప్పటికే దిగిపోయి, చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడింది. "మీరు పొండి. నేను నడిచొస్త" అంది.

నాయిన ఫోర్ వీల్ వేసి దిగాడు. నేను పక్క సీట్లో. నడుమకి రాగానే నాకు తెలియకుండానే పిడికిళ్లు బిగుసుకున్నాయి. రాయి మీద చక్రం ఎక్కి దిగింది. ఏ చప్పుడూ లేదు, ఇంజిన్ చప్పుడు తప్ప. అవతలి ఒడ్డు ఎక్కాం.

నాయిన ఆపలేదు. అక్కడే తిప్పుకుని, మళ్లీ వాగు దాటి, ఇవతలి ఒడ్డుకు వచ్చి అమ్మ ముందు ఆపాడు.

"ఎక్కు" అన్నాడు.

అమ్మ వెనకకు పోయి కుడి చక్రం వంక కాసేపు చూసింది. తర్వాత చెప్పులు లోపల పడేసి ఎక్కింది.